రంగి మెడలో జీపీఎస్

ఒక ఆవు మెడలో చిన్న డబ్బా కట్టి, రెండు కుటుంబాల మధ్య మాటలు పోగొట్టి, చివరికి ఊళ్లోకి సర్వేయర్ని రప్పించిన ఇంజనీరు నాకు తెలిసి మన జిల్లాలో ఒక్కడే ఉన్నాడు. ఆ ఘనుణ్ని నేనే. ఎలా జరిగిందో చెబుతాను. మీ బంధువుల్లో ఎవరికైనా ఆవులుంటే కాస్త జాగ్రత్తగా వినండి.

రెండువేల ఆరో, ఏడో. టెక్కలిలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు ఏదో ఒకటి చెయ్యాలి. మా క్లాసువాళ్లంతా ట్రాఫిక్ లైట్లూ, ట్యాంకు నిండితే మోగే గంటలూ చేస్తున్నారు. నాకవి చిన్నతనంగా తోచాయి. అలాంటి సమయంలో ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఒక సంగతి చదివాను. ఎక్కడో విదేశాల్లో కంచెలు లేకుండా పశువులను మేపడానికి జీపీఎస్ పట్టీలు తయారుచేస్తున్నారట. ఆవు మెడలో పట్టీ ఉంటుంది. ఆవు ఎక్కడుందో ఉపగ్రహాల సాయంతో అది కనిపెడుతూ ఉంటుంది. హద్దు దగ్గరికి వస్తే కూత పెడుతుంది. అప్పటికీ ఆగకపోతే చిన్న షాక్ ఇస్తుంది. ఆవు వెనక్కి తిరుగుతుంది. కంచె కంటికి కనబడదు గానీ, ఉంటుంది.

చదవగానే నాకు ఒళ్లు పులకరించింది. ఇంజనీరింగ్ కుర్రాడికి ఒళ్లు పులకరిస్తే చుట్టాలు తలుపులు వేసుకోవాలి. ఆ సంగతి అప్పటికి మావాళ్లెవరికీ తెలియదు.

ఆవు కోసం నేను వెతకనక్కర్లేదు. వజ్రపుకొత్తూరుకి అవతల మా అమ్మ తమ్ముడు సూర్నారాయణ మావకి కొబ్బరితోట ఉంది, తోటలోనే ఇల్లు, ఇంటి పక్కన పశువులశాల, శాలలో రంగి అనే ఎర్రావు. రంగి చూడ్డానికి చాలా సాధువు. పక్కతోట జోగారావుగారిది. రెండు తోటలకీ మధ్య కొబ్బరికమ్మల దడి. రంగికి మావ తోటలో గడ్డి రుచించేది కాదు. దడిని తలతో నెట్టి అవతలికి వెళ్లి, జోగారావుగారు కొత్తగా నాటిన కొబ్బరిమొక్కల మొవ్వులు తిని, ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చేది.

మావా, జోగారావుగారూ ప్రాణస్నేహితులు. జీడిపిక్కల బస్తాలు వేసుకుని ఒకే మోటారుసైకిలు మీద పలాస వెళ్లొచ్చేవారు. అయినా మొక్కలు మొక్కలే కదా.

"బావా, ఇంకోపాలి నా మొక్కలు ముట్టుకున్నాదంటే ఆవుని బందెలదొడ్డికి తోలీస్తాను. మళ్లీ నన్నేటీ అనుకోకు" అని జోగారావుగారు మావని హెచ్చరించారు.

సరిగ్గా ఆ వారంలోనే నేను సంచి భుజాన వేసుకుని దిగాను.

"మావా, ఇకమీదట నీకు దడి అక్కర్లేదు. ఉపగ్రహాలు కాస్తాయి" అన్నాను.

"ఉపగ్రహాలంటే శని, రాహువూ అయ్యేటి?"

"అవి కాదు మావా. మనుషులు పంపినవి."

"అలాగైతే పర్వానేదు" అన్నాడు మావ.

షాక్ సంగతి చెప్పగానే అత్త వంటింట్లోంచి అట్లకాడతో బయటికొచ్చింది. "నా ఆవుకి కరెంటెడతావేటి? ముందు నీకెట్టి సూత్తాను, ఇలా రా!" అంది. దాంతో మన విధానంలో షాక్ లేకుండా కూత ఒక్కటే మిగిలింది. కూత రాగానే నేను కర్ర పట్టుకుని ఎదురుగా నిలబడాలి. అలా కొన్నాళ్లు చేస్తే కర్ర లేకపోయినా కూతకే ఆవు వెనక్కి తిరుగుతుందని లెక్క. పట్టీ అన్నానే గానీ, అది టిఫిన్ డబ్బాలో ఇరికించిన బ్యాటరీ, సర్క్యూటు, పైన చిన్న యాంటెన్నా. మెడలో కట్టాక రంగి డ్యూటీకి బయల్దేరిన బిల్లు కలెక్టరులా ఉంది.

తర్వాత పట్టీకి హద్దులు నేర్పాలి. తోట నాలుగు మూలలా పట్టీ పట్టుకుని నిలబడి, ఎర్రలైటు ఆడటం మానేసి నిలకడగా వెలిగాక మీట నొక్కాలి. ఆ నాలుగు చోట్లనీ కలిపితే హద్దు. మూడు మూలలు చక్కగా అయ్యాయి. నాలుగో మూల జోగారావుగారి ఇంటి పక్కనే. అక్కడ ఎంతసేపు నిలబడ్డా లైటు ఆడుతూనే ఉంది. ఎండ మాడ్చేస్తోంది.

ఇంతలో జోగారావుగారి భార్య దమయంతమ్మగారు అరుగు మీంచి కేకేశారు. "అల్లుడా, ఎండలో నిలబడి ఏటి సేత్తన్నావు? పనసపండు కోసినాను, రెండు తొనలు తినీసి ఎల్లు!"

లైటు ఎలాగూ నిలవడం లేదు కదా అని వెళ్లాను. పట్టీని పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. ఆ తొనలు తేనెలో ముంచినట్టున్నాయి. చేతులు మోచేతుల దాకా జిగురైపోయాయి. సరిగ్గా అప్పుడు లైటు నిలకడగా వెలిగింది. మళ్లీ ఆడుతుందేమోనన్న కంగారులో మోచేత్తో మీట నొక్కేశాను. నేనెక్కడున్నానో ఆ యంత్రానికి తెలిసింది. అక్కడెందుకున్నానో దానికి తెలియదు. ఆ క్షణంలో నాకూ గుర్తులేదు.

రంగికి కర్రపాఠం తూర్పు వైపూ, ఉత్తరం వైపూ చెప్పాను. నేను సి లాంగ్వేజ్ నేర్చుకున్న దానికంటే వేగంగా నేర్చుకుంది. జోగారావుగారి వైపు ఎలాగూ దడి ఉంది కదా అని ఆ వైపు పరీక్షించలేదు. చదువుకున్నవాణ్ని కాబట్టి, రెండు పక్కలు పనిచేస్తే మిగతావీ పనిచేస్తాయని నాకు తెలుసు.

ఊరివాళ్లకి పట్టీ పనితనం చూపించే రోజు పొద్దున లేచి చూద్దును కదా, దడి లేదు.

"మావా, దడేదీ?"

"నువ్వే కదా అక్కర్నేదన్నావు? పీకీసి పొయ్యిలో ఎట్టీసినాం. మీ అత్త నీలు కాసినాది, నువ్వు తానం కూడా సేసీసినావు."

నిజమే, నీళ్లు బాగా కాగాయి.

ఊరి జనం పోగయ్యారు. రంగిని వదిలాం. అది తూర్పుకి నడిచింది. పట్టీ కూసింది. రంగి వెనక్కి తిరిగింది. జనం ఈలలు వేశారు. ఉత్తరానికి వెళ్లింది. కూత, వెనక్కి. మావ మీసం దువ్వాడు. అప్పుడు రంగి జోగారావుగారి ఇంటివైపు నడిచింది. కూత లేదు. ఒకప్పుడు దడి ఉన్న చోటు దాటింది. కూత లేదు. అరుగెక్కింది. దమయంతమ్మగారు చీర మీద ఆరబెట్టిన వడియాలు నింపాదిగా తిని, అక్కడే పడుకుని నెమరువేయసాగింది.

"అల్లుడా, నీ డబ్బా మూగబోనాదేటి?" అని అరిచారు జోగారావుగారు.

అప్పుడు నేను నోరు మూసుకుని ఉండవలసింది. కానీ జనం నవ్వుతున్నారు. నా యంత్రాన్ని అంత మాట అన్నాక ఊరుకోలేకపోయాను. కాలేజీలో అడిగి తెచ్చిన లాప్‌టాప్‌కి డబ్బాని కేబుల్‌తో కలిపి చూసి, గొంతు పెంచి చెప్పాను.

"డబ్బా బాగానే ఉందండీ. లెక్క ప్రకారం ఆవు హద్దు దాటలేదు. మా తోటలోనే ఉంది."

మావ నెమ్మదిగా నావైపు తిరిగాడు.

"ఏటన్నావు? ఇంకోపాలి సెప్పు."

"అదే మావా, ఉపగ్రహం లెక్కలో ఆ అరుగు మన హద్దులో ఉంది."

"నా అరుగు మీ తోటలో ఉన్నాదా?" అన్నారు జోగారావుగారు.

"నానన్నేదు బావా" అన్నాడు మావ, చాలా వినయంగా. "ఉపగ్రహం అన్నాది. మా నాన్న కూడా అనీవోడు, హద్దు అటు జరిగుండాలని. నానే నమ్మనేదు."

"మరి దడి?"

"దడి ఏదీ? సూపించు!"

దడి ఎలా చూపిస్తారు? అది నా స్నానానికి ఖర్చయిపోయింది.

పనస తొనలు అప్పుడు గుర్తొచ్చాయి నాకు. మావని పక్కకి లాగి, "మావా, తప్పు నాది. అరుగు మీద కూర్చుని మోచేత్తో మీట నొక్కేశాను" అని చెప్పాను. మావ నా భుజం తట్టాడు. "నువ్వు బయపడకు. నిజం సెప్పినోడు బయపడకూడదు" అన్నాడు.

జోగారావుగారి దగ్గరికెళ్లి అదే చెప్పాను. "తొనలా? మా ఇంట్లో తొనలు తినీసి మా అరుగే రాయించీసుకున్నావా?" అన్నారాయన. "మాట పడ్డాక ఊరుకోను. సర్వే అవ్వాల్సిందే."

ఆనాటి నుంచి ఆ రెండిళ్ల మధ్యా మాటల్లేవు. మోటారుసైకిలు జోగారావుగారిది కాబట్టి మావ జీడిపిక్కల బస్తా ఒళ్లో పెట్టుకుని ఆటోలో పలాస వెళ్లేవాడు. వెనకనుంచి జోగారావుగారు హారన్ కొడుతూ దాటిపోయేవారు. దమయంతమ్మగారు నా వైపు చూసినప్పుడల్లా పనసపండు కోసే కత్తి నూరుతూ ఉండేవారు. బహుశా దానికీ నాకూ సంబంధం లేదు.

సర్వేయరు భూమి కొలిచే గొలుసుతో వచ్చాడు. మావ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎదురెళ్లాడు. సర్వేయరు ఆ మూల నుంచి ఈ మూలకి కొలిచి, నక్షా చూసి, తల గోక్కుని, మావ ఇంటి పక్కనున్న పెంటకుప్ప తవ్వమన్నాడు. తవ్వారు. అడుగున హద్దురాయి బయటపడింది. అక్కణ్నుంచి గొలుసు లాగితే అది తిన్నగా మావ ఇంటిగోడని రాసుకుంటూ పోయింది. అరుగు, మొక్కలు జోగారావుగారివే. పెంటకుప్ప కూడా ఆయనదే. పశువులశాల మొత్తం ఆయన స్థలంలోనే ఉంది.

మావ వంగి ఆ రాయి మీది మట్టి తుడిచాడు. "బావా, మా తాత కట్టిన శాల ఇది" అన్నాడు.

"నానేటీ అన్నేదు బావా" అన్నారు జోగారావుగారు. "గొలుసు అన్నాది."

ఒక్క క్షణం ఇద్దరూ ఒకరినొకరు గుడ్లురిమి చూసుకున్నారు. తర్వాత జోగారావుగారి పొట్ట కదలడం మొదలైంది. ఆయన నవ్వు ఆపుకోలేక పెంటకుప్ప మీదే కూలబడ్డారు. మావ కూడా పక్కన కూలబడ్డాడు. "శాల నాకెందుకు? ఉంచుకో బావా. మొక్కలు మటుకు తిననీకు" అన్నారాయన కళ్లు తుడుచుకుంటూ. సాయంత్రం ఇద్దరూ కలిసి కొత్త దడి కట్టారు. నన్ను దగ్గరికి రానివ్వలేదు.

నేను మాత్రం ఖాళీగా కూర్చోలేకపోయాను. చేసిన తప్పు దిద్దుకోవాలని, సర్వేయరు చెప్పిన హద్దు ప్రకారం నాలుగు మూలలూ మళ్లీ నడిచి, ఈసారి ఏమీ తినకుండా, వేలితో మీట నొక్కాను. పట్టీ తెచ్చి శాలలో కట్టేసి ఉన్న రంగి మెడకి తగిలించాను. వెంటనే కూత మొదలైంది. రంగి గుంజ చుట్టూ తిరిగింది. కూత ఆగలేదు. రంగి నావైపు చూసింది. నేను మావ వైపు చూశాను.

"ఏటిరా ఆ గోల?" అన్నాడు మావ.

"యంత్రం సరిగ్గా పనిచేస్తోంది మావా. ఆవు పక్కవాళ్ల స్థలంలో ఉందని చెబుతోంది."

"నాకు తెలుసు" అన్నాడు మావ. "దాన్ని నోరుముయ్యమను. నువ్వు కూడా బేగి బస్సెక్కీ."

బస్సు కిటికీ పక్కన సీట్లో, డబ్బా ఒళ్లో పెట్టుకుని, పైనున్న ఉపగ్రహాలన్నింటి సాక్షిగా నేనొక ప్రతిజ్ఞ చేశాను. ఎవరి స్థలం ఎవరిదో కచ్చితంగా చెప్పగల యంత్రాన్ని ఈ జన్మలో చుట్టాలింట్లో ఆన్ చెయ్యను.