ప్లాస్మాలోంచి లేవని మా అత్తగారు

మా అత్తగారు కాలం చేసి తొమ్మిదేళ్ళయింది. అలాంటి మనిషి మొన్న శనివారం పొద్దున్న మా హాల్లోకి వచ్చి, మా కోడలి సంగతి తేల్చడానికి వచ్చినావిడ ఎదురుగా తీరిగ్గా కూర్చున్నారు! పిలిచింది ఎవరనుకున్నారు? నేనే. టీ చల్లారిపోతుంది, తాగుతూ వినండి.

మేముండేది కొత్తగూడలో, అద్దె ఫ్లాట్‌లో. మా కోడలు స్రవంతిది నానక్‌రామ్‌గూడ. ఇప్పుడక్కడ అద్దాల మేడలున్నాయే, ఆ మేడలకంటే ముందున్న ఊరి పిల్లన్నమాట. చిన్నప్పుడు అక్కడి బండరాళ్ళ మీద ఎగిరి దూకినదే. ఆ బండలన్నీ పగలగొట్టేశారని దిగులుపడి, వాటి మీద ఓ పిల్ల పరుగెత్తే వీడియో గేమ్ తయారుచెయ్యడం మొదలుపెట్టింది. అందుకోసం బంగారంలాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసింది కూడా.

వాళ్ళమ్మగారు నాకు ఫోన్ చేసి ఒకటే మొత్తుకోలు. "ఏంది వదినా, మంచిగున్న జాబ్ ఇడిసిపెట్టి ఇంట్ల కూసోని ఆటలాడుడేంది? జర మీరన్న చెప్పున్రి!"

నేనేం చెప్తాను? ఆ పిల్ల కూర్చుని పనిచేస్తుంటే నాకు జపం చేసుకుంటున్నట్టే ఉంటుంది. పిలిచినా పలకదు.

అయితే ఏడాది గడువు పెట్టుకుంది తను. ఈ లోపల ఎవరైనా కంపెనీవాళ్ళు గేమ్ చూసి "సరే" అంటే సరి, లేకపోతే పాత ఉద్యోగానికే వెళ్ళిపోతానని. గడువు ఈ నెలతో అయిపోతుంది. ఆఖరికి ఓ గేముల కంపెనీ నుంచి నందిని అనే మేడమ్ శనివారం ఇంటికే వచ్చి చూస్తానన్నారు. ఒక్క అవకాశం. అదీ పరిస్థితి.

ఇంటికే ఎందుకంటారా? అదిగో, అక్కడికే వస్తున్నా. మా హాల్లో ఓ పాత ప్లాస్మా టీవీ ఉంది. లింగంపల్లిలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తుంటే స్రవంతి ఏరి కోరి తెచ్చుకుంది. నలుగురు కలిసి మోస్తే గానీ లిఫ్ట్‌లోకి ఎక్కలేదు. గంటసేపు ఆడితే చాలు, పొయ్యిలా వేడి! వానాకాలంలో ఇడ్లీ పిండి గిన్నె దాని పక్కన పెడితే పొద్దున్నకి పొంగి కూర్చుంటుంది.

"పడగ్గదిలో కొత్త టీవీ ఉందిగా తల్లీ, ఈ ఏనుగెందుకు?" అనడిగాను మొదట్లో.

"ఆ కొత్తదాంట్ల బొమ్మ ఉరికితే అలుక్కపోతది అత్తమ్మా. గిది చూడున్రి," అని రెండింట్లోనూ గేమ్ పెట్టి చూపించింది. నిజమేనండీ! కొత్తదాంట్లో ఆ పిల్ల పరుగెత్తితే తడిచెయ్యి తగిలిన ముగ్గులా ఉంది. ప్లాస్మాలో మాత్రం కాళ్ళకింద గులకరాళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు. ముచ్చటేసింది.

అప్పుడే ఒక మాట చెప్పింది. "ఒకే బొమ్మ గంటలు గంటలు పెట్టొద్దు అత్తమ్మా. దీనికి అంటుకుంటది." నేను తలూపాను. తలూపడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

ఇక గురువారం. మహాలయ పక్షంలో మా అత్తగారి తిథి. పొద్దున్నే తర్పణాలయ్యాయి. మావారు, మా అబ్బాయి ఎవరి పనుల మీద వాళ్ళు ఊళ్ళకి వెళ్ళారు, ఆదివారానికి గానీ రారు. స్రవంతి గేమ్‌కి శబ్దాలు కూర్చడానికి స్నేహితురాలింటికి వెళ్ళింది, మర్నాడు వస్తానంది. మా ఇంటి ఆచారం ఒకటుంది. తిథినాడు పెద్దల పటం దగ్గర దీపం పెడితే, అది దానంతటది కొండెక్కేదాకా పటం కదపకూడదు.

పటమేది? ఇంటి ఓనరు గోడకి మేకు కొట్టనివ్వడు. అత్తగారు ఉన్న మంచి ఫొటో ఒకే ఒక్కటి, అరచేతంత. ఆడపడుచు గృహప్రవేశంలో తీసింది. మధ్యలో కుర్చీలో తెల్లచీరతో అత్తగారు, చుట్టూ పదకొండుమంది. చెమ్మకి పాడవుతుందని దాన్ని స్కాన్ చేయించి పెన్‌డ్రైవ్‌లో దాచాను. మా ఇంటి పాత ఫొటోలన్నీ అలాగే దాస్తాను, ఎవరెవరో రాసి మరీ.

తళుక్కున ఆలోచన వచ్చింది. పెన్‌డ్రైవ్ ప్లాస్మాకి పెట్టాను. అబ్బా! అత్తగారు గోడంత అయిపోయారు! ముక్కుపుడక, నుదుటి ముడతలు, "ఏమ్మా, కూరలో ఉప్పు చూశావా?" అన్నట్టు ఆ చూపు... కళ్ళనీళ్ళొచ్చాయి. టీవీ ముందు పీట వేసి, దీపం వెలిగించి దణ్ణం పెట్టుకున్నాను.

పది నిమిషాలకి అత్తగారి మొహం మీద రంగురంగుల బుడగలు తేలడం మొదలైంది. ఏదో స్క్రీన్‌సేవరట. తిథినాడు పెద్దల మొహం మీద బుడగలా! అపచారం. రిమోట్ తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, వెతికి వెతికి దాన్ని ఆపేశాను. ఎవరి సాయమూ లేకుండా! ఈ వయసులో ఇంత టెక్నాలజీ నేర్చుకున్నానని నాకు నేనే శభాష్ అనుకున్నాను.

ఇంకో సంగతి. అత్తగారు బతికున్నన్నాళ్ళూ నేను పెట్టే దీపాలు చూసి "పిసినారి దీపం" అనేవారు. ఈసారి ఆ మాట పడకూడదని పెద్ద కుంది తీసి అంచులదాకా నువ్వులనూనె పోశాను. సాయంత్రమైంది, దీపం దివ్యంగా వెలుగుతోంది. పడుకునే వేళకీ వెలుగుతూనే ఉంది. దీపం ఉండగా అత్తగారిని ఆర్పేసేదెలాగ? శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి కొండెక్కింది మహాతల్లి. అప్పుడు టీవీ కట్టేశాను, మనసు నిండిపోయింది.

టీవీ కూడా నిండిపోయిందని పదింటికి తెలిసింది.

స్రవంతి వచ్చి గేమ్ ఆన్ చేసింది. సంధ్యవేళ ఆకాశం, కింద బండలు, పరుగెత్తే పిల్ల. ఆ ఆకాశంలో నీడలా పన్నెండుమంది మా చుట్టాలు! మధ్యలో కుర్చీతో సహా అత్తగారు.

"అత్తమ్మా... వీళ్ళెవరు?"

నేనేమో అలవాటు కొద్దీ, "ఎడమపక్క చివర మా పెద్దమరిది..." అని మొదలుపెట్టాను.

"గా బొమ్మ ఎంతసేపు పెట్టిన్రు?"

"దీపం ఉన్నంతసేపు."

"ఎంతసేపుంది దీపం?"

"ఒక... రోజు. ఇంకొంచెం."

ఆ పిల్ల సోఫాలో కూలబడి రెండు చేతుల్తో తల పట్టుకుంది. తిట్టినా బాగుండేది. "రేపే గదా అత్తమ్మా," అంది, అంతే.

కాసేపటికి తేరుకుని ఏదో వీడియో వెతికి పెట్టింది. తెర మీద ఓ తెల్లటి పట్టీ ఈ చివర నుంచి ఆ చివరికి పోతూ వస్తూ ఉంటుంది, అచ్చం తడిగుడ్డతో అరుగు తుడిచినట్టు. అలా తుడవగా తుడవగా మరకలు పోతాయట. ఇద్దరం ఎదురుగా కూర్చున్నాం. గంటగంటకీ గేమ్ పెట్టి చూడ్డం, నేను హాజరు తీసుకోవడం.

"మా చిన్నాడపడుచు పోయింది. ఏ పేరంటంలోనైనా ఆవిడే ముందు లేస్తుంది."

"ఈ మీసాలాయన?"

"పెద్దమరిది. భోజనం పెట్టందే కదలడు, చూస్తూండు."

మధ్యాహ్నం దాటాక కదిలాడు. సాయంత్రానికి పదకొండుమందీ వెళ్ళిపోయారు. అత్తగారు మాత్రం కదల్లేదు. తెల్లచీర కదా, బాగా అంటుకుందట. బతికున్నప్పుడూ అంతే, పెళ్ళిపందిరి విప్పేస్తున్నా కుర్చీలోంచి లేచేవారు కాదు.

స్రవంతి టిఫిన్ చెయ్యడానికి వంటింట్లోకి వెళ్ళగానే నేను టీవీ ముందు నిలబడి చేతులు జోడించాను. "అత్తయ్యగారూ, నిన్న నువ్వులూ నీళ్ళూ ఇచ్చి పిలిచిందీ మేమే, ఇవాళ వెళ్ళమంటున్నదీ నేనే. తప్పే. కానీ పిల్ల బతుకు. కాస్త పక్కకి జరగండి. ఆదివారం గారెలు వండి పెడతాను."

వెనక నుంచి స్రవంతి గొంతు. "పెరుగావడలని చెప్పున్రి అత్తమ్మా, జల్దీ పోతదేమో!" అని పకపకా నవ్వింది. పొద్దుట్నుంచీ అదే మొదటి నవ్వు. నేనూ నవ్వేశాను. కానీ అత్తగారు జరగలేదు.

శనివారం పదకొండింటికి నందిని మేడమ్ వచ్చారు. నా వయసుకి కూతురులాంటి పిల్ల, కానీ చూపు మాత్రం ఇంజక్షన్ సూది. కొత్త టీవీలో చూపిద్దామా అని స్రవంతి ఆఖరి నిమిషం దాకా ఊగిసలాడి, చివరికి ప్లాస్మాయే ఆన్ చేసింది. "ఉరుకుడే నా గేమ్ అత్తమ్మా. అదే అలుక్కపోతే ఇగ చూపెట్టుడెందుకు?"

మేడమ్ ఆడటం మొదలుపెట్టారు. ఒక బండ, రెండు బండలు, లోయ దాటారు. సంధ్యాకాశం వచ్చింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి నారాయణ నారాయణ అనుకుంటున్నాను.

"స్రవంతీ, వెయిట్. స్కైలో కూర్చున్న ఈ ఓల్డ్ లేడీ ఎవరు? చాలాసేపట్నుంచి నన్నే చూస్తోంది. లాస్ట్‌లో ఈవిడతో ఫైట్ ఉంటుందా?"

స్రవంతి తిరిగి నా వైపు చూసింది. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాదని మీకు తెలుసు. ఆ రోజు మాత్రం నా గొంతు నాకే వినబడింది.

"ఆవిడతో ఫైట్ మాకెవరికీ చేతకాలేదమ్మా. ఆవిడ మా అత్తగారు. తప్పు నాది, పిల్లది కాదు. గేమ్‌లో ఏ లోపమూ లేదు. లోపమల్లా నా భక్తిలో ఉంది."

తిథి, దీపం, బుడగలు, కుందినిండా నూనె, అన్నీ చెప్పేశాను. మేడమ్ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. "అసలు ఫొటో చూపించండాంటీ," అన్నారు. తెచ్చాను. ఎవరెవరో చెప్పడం మొదలెట్టాను. ఏడో మనిషి దగ్గర, ఆయన రెండో పెళ్ళి సంగతికొచ్చేసరికి స్రవంతి కళ్ళతో సైగలు. నేను చూడనే లేదు. ఆఖరికి మేడమే, "ఆంటీ, మిగతావాళ్ళని లంచ్ తర్వాత కలుస్తాను. ఇప్పుడు మీ కోడలి గేమ్ ఆడుకోనా?" అన్నారు.

గంటన్నర ఆడారండీ! లేచి ఏమన్నారంటే, "పరుగు ఇంత క్లియర్‌గా నేనెక్కడా చూడలేదు. కానీ ప్లాస్మాలు ఎన్ని ఇళ్ళల్లో ఉంటాయి స్రవంతీ? మామూలు స్క్రీన్‌లో కూడా ఈ ఫీల్ రావాలి. మూడు నెలలు మా ఆఫీసులో కూర్చుని, మా టీమ్‌తో కలిసి ట్రై చెయ్యి. వస్తే రిలీజ్ చేద్దాం."

ఇంకా "అయిపోయింది" కాదు, తెలుసు. కానీ తలుపు తెరుచుకుంది. వాళ్ళ ఆఫీసు ఎక్కడనుకున్నారు? నానక్‌రామ్‌గూడలోనే. సోమవారం నుంచి వెళ్తోంది. వాళ్ళమ్మగారికి ఫోన్ చేస్తే, "గంతేనా వదినా? నాకు ముందే ఎర్క, నా బిడ్డ చేస్తదని!" అన్నారు. సరే, అదీ నిజమే అనుకుందాం.

మా అత్తగారు ఇంకా ఉన్నారు. రోజురోజుకీ పలచబడుతున్నారు గానీ, సాయంత్రం సీరియల్ టైముకి చీకటి సీనొస్తే కనబడతారు. రిమోట్ మాత్రం నా చేతికివ్వడం లేదు ఎవరూ. ఇవ్వకపోవడమే మంచిది లెండి.

స్రవంతితో మాత్రం ఒక మాట గట్టిగా చెప్పి ఉంచాను. "నేను పోయాక నా తిథికి కూడా ఫొటో టీవీలోనే పెట్టు తల్లీ, కాదనను. కానీ ఆ కొత్తదాంట్లో పెట్టు. ప్లాస్మాలో పెట్టావంటే, ఆవిడే నయం అనుకుంటావు."