పుష్పవతి దులిపిన నాచు

మా వీధి పుష్పవతి మొగుడితో పడక ఆదివారం ఆదివారం పుట్టింటికి పోతోందని ఒక మాట తిరుగుతోంది. దాన్ని పుట్టించిన మహాతల్లి ఎవరో నాకు తెలుసు, పేరు రాయను. ఆ మొగుడు సింహాద్రే తెల్లారకుండా లేచి క్యారేజీలు కట్టి ఆటో దాకా మోస్తాడు. సంగతేమిటో తెలుసుకోకుండా ఉండలేని దాన్ని కనుక, పోయిన ఆదివారం నేనూ ఆ ఆటో ఎక్కేశాను.

పుష్పవతి పుట్టిల్లు ఎస్. రాయవరం అవతల సముద్రం ఒడ్డున. నర్సీపట్నంలో చెరుకు రైతుకిచ్చి చేశారు. మా చేలల్లో కలుపు తీసే ఆడవాళ్ళ జట్టుకు ఇప్పుడు ఆమే పెద్ద. అన్న మంగరాజు మాత్రం ఇంకా చేపల వేటకే వెళ్తాడు.

ఈమధ్య ఆ ఒడ్డుకు ఎన్నడూ ఎరగని గోధుమరంగు నాచు కొట్టుకొస్తోంది. ఎక్కడి నీళ్ళదో తెలియదు. మోకాటి ఎత్తున మేటవేసి కుళ్ళిపోతుంది. పడవ మోటారు రెక్కకు చుట్టుకుంటుంది, వలలో చేపకు బదులు అదే వస్తుంది. పడవ లాగే చోటు లేక మంగరాజు పడవనే అమ్మేద్దామనుకున్నాడు. ఊరివాళ్ళు పొక్లెయిన్ పెట్టి ఎత్తిస్తే నాచుతోపాటు ఇసుకా పోయింది. పున్నమి పోటుకి నీళ్ళు చేపలు ఎండబెట్టే చోటికి వచ్చేశాయి.

అప్పుడు పుష్పవతి తన జట్టును తీసుకెళ్ళింది. కలుపు మొక్క పీకితే వేరుకున్న మట్టి దులిపి గానీ గట్టున వెయ్యరు మావాళ్ళు. చేను మట్టి చేనులోనే ఉండాలి. అక్కడా అదే పద్ధతి. వరసగా వంగి, గుప్పెడు గుప్పెడు ఎత్తి, ఇసుక దులిపి తట్టలో వేస్తారు. ఆ నాచును వానకి ఉప్పు పోయేదాకా గుట్టపెట్టి కొబ్బరి మొదళ్ళకు వేస్తారు.

నన్ను చూసి మంగరాజు నవ్వాడు. "ఏటే సెల్లీ, ముసిలోళ్ళని కూడా తెచ్చేత్తన్నావు?"

"మా జట్టుని సూసి నేర్సుకో అన్నాయ్. దులపకుండా ఏసేత్తన్నావు. పోయిన ఇసక మీ బాబు తెత్తాడేటి?"

"మా బాబు నీకూ బాబేనే."

కూలి ఊసే లేదు, బదులు పని. మొన్న వానాకాలంలో గాలివానకు మా చెరుకంతా పడిపోతే ఆ ఊరి మగాళ్ళే వచ్చారు. తాళ్ళు ముడేసి ముడేసి ఆరితేరిన చేతులు కదా, చెరుకు గెడలు కలిపి లేపి కట్టారు. మా పొయ్యి మీద ఈ ఏడు బెల్లం పొంగిందంటే వాళ్ళ చలవే. చింతకాయ పచ్చడి పట్టుకెళ్ళి ఇస్తే, ఎండుచేపలు ఒళ్ళో పోసి పంపారు. వాళ్ళ పిల్లాపాపా చల్లగా ఉండాలి.

సాయంత్రానికి పడవ పట్టేంత దారి తేరింది. మంగరాజు అందరిచేతా ఒక పట్టు పట్టించి పడవను నీళ్ళలోకి దించాడు. ఇక అమ్మే మాట ఎత్తడం లేదు.

మేం ఆటో ఎక్కబోతుంటే అలల అవతల మళ్ళీ గోధుమరంగు చార కనబడింది. నా ప్రాణం ఉసూరుమంది. ఉండబట్టలేక అడిగేశాను.

"పుష్పా, మళ్ళీ వస్తంది అదిగో. ఎన్నాళ్ళే ఇలాగ?"

పుష్పవతి కొంగు దులుపుకుని ఆటో ఎక్కింది.

"మన సెరుకులో కలుపు మళ్ళీ రాదేటండి పిన్నిగారూ? వచ్చే ఆదివారం తట్ట తెచ్చుకోండి. ఊరికే సూడ్డానికైతే సీటు లేదు."