తిరిగొచ్చినోడే చిన్నోడు

నేను విశాఖపట్నంలో పుట్టి పెరిగిన దాన్ని. ఆ వేసవిలో ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకోవచ్చన్నారు కదా అని, శ్రీకాకుళం దగ్గర సముద్రం ఒడ్డునున్న మా మావయ్య ఇంటికి వెళ్ళాను. ప్రశాంతంగా ఉంటుందని అమ్మ చెప్పింది. ప్రశాంతత అంటే సిగ్నల్ లేకపోవడమని మాత్రం చెప్పలేదు. ఇసకలో బోర్లించిన ఒక పాత పడవ మీద కూర్చుంటే ఫోన్లో రెండు గీతలు వచ్చేవి. అదే నా ఆఫీసు. తోటి ఉద్యోగులు కాకులు.

మావయ్యకి ఇద్దరు కొడుకులు, కవలలు. ఒకడు శ్రీకాకుళానికీ అరసవల్లికీ మధ్య ఆటో నడుపుతాడు. ఇంకొకడు గుజరాత్‌లో చేపల బోటు మీద పని చేస్తాడు, సీజన్ అయ్యాక ఏడాదికోసారి వస్తాడు. ఆటో బావ, గుజరాత్ బావ అనుకుంటే సరిపోతుంది.

ఆటో బావ అరసవల్లి సూర్యదేవుడి గుడి దగ్గర పూల దుకాణం వాళ్ళమ్మాయిని ఇష్టపడ్డాడు. ఆ పిల్ల కూడా ఇష్టపడింది, ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. పిల్ల తండ్రి సరేనన్నాడు కానీ, మూఢం వచ్చేలోగా పెళ్ళి కాకపోతే వేరే సంబంధం చూసుకుంటానన్నాడు. అడ్డుపడింది మా అమ్మమ్మ. పెద్దోడుండగా చిన్నోడికి పెళ్ళేంటని.

"ముందు పుట్టింది ఆటో బావే కదా అమ్మమ్మా?" అన్నాను.

"ముందు పుట్టినోడే సిన్నోడే గుంటా. కడుపులో ముందు పడ్డోడు లోపలికెల్లి కూకుంటాడు. ఎనకొచ్చినోడు గుమ్మం కాడే నిలబడతాడు. అందుకే బేగి బయటికొచ్చీసినాడు."

కడుపు సిటీ బస్సులాంటిదని నాకు ఏ బయాలజీ టీచరూ చెప్పలేదు.

"గుజరాత్ బావ పెళ్ళే వద్దంటున్నాడుగా!"

"ఐతేటి? ఆడు సముద్రం మీదున్నాడే. ఆడ్ని దాటి తమ్ముడు పీటలెక్కితే ఆ దోసం ఎవుడికి తగుల్తాది? నువ్వొచ్చి అడ్డం నిలబడతావేటి?"

ఆ మాటంటున్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు, నీళ్ళ వైపు చూసింది. నాకు కోపం వచ్చింది. అది నా దగ్గర ఎప్పుడూ స్టాకు ఉంటుంది. పడవ మీద ఆటో బావ తలకాయ పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడే నా ఫోన్లో ముందు రాత్రి చూసిన వీడియో గుర్తొచ్చింది.

"అమ్మమ్మా, విను. కవలల్లో ఒకడ్ని దాదాపు వెలుగంత జోరుగా పోయే రాకెట్ ఎక్కించి పంపావనుకో..."

"ఎలుగుకి జోరేటే?"

"ఉంటుంది. సూర్యుడి వెలుగు మనదాకా రావడానికే ఎనిమిది నిమిషాలు పడుతుంది."

"ఐతే అరసవల్లిలో మనం దండమెట్టేది పాత సూరీడికా?" అని ఆమె భయపడింది. దేవుడు అన్ని నిమిషాలు ఓపిక పడతాడులే అని సర్దిచెప్పి అసలు సంగతికొచ్చాను. జోరుగా పోయేవాడి గడియారం మెల్లగా నడుస్తుంది. గడియారం ఒక్కటే కాదు, గుండె, గడ్డం, ఆకలి అన్నీ. వాడికి కొన్నేళ్ళే గడుస్తాయి, ఇంటి దగ్గరోడికి ఒక జీవితం గడిచిపోతుంది. తిరిగొచ్చినవాడే చిన్నవాడు.

"గుజరాత్ బావ ఏటేటా అంత దూరం రైల్లో పోతాడు, బోటు మీద రాత్రీ పగలూ తిరుగుతాడు. కాబట్టి వాడి వయసు తగ్గింది. ఇప్పుడు వాడే తమ్ముడు."

నోబెల్ బహుమతి ఇవ్వక్కర్లేదు, కనీసం ఒక గ్లాసు టీ ఇస్తారనుకున్నాను. వల అల్లుతున్న మావయ్య తలెత్తాడు.

"మరి మన ఆటోవోడు కూడా పొద్దస్తమానం తిరుగుతన్నాడు కదే? ఆడికి తగ్గదేటి?"

"అరసవల్లి ట్రాఫిక్‌లోనా? వీడి ఆటోని ఆవులు దాటేస్తాయి మావయ్యా!"

"ఏయ్, నా బండినేటనకు," అన్నాడు ఆటో బావ. వాడి పెళ్ళి కోసం నేను కొట్లాడుతుంటే వాడికి బండి పరువు ముఖ్యం!

"ఎంత తగ్గుంటాది?" అంది అమ్మమ్మ.

ఇక్కడ అబద్ధం చెప్పి ఉండొచ్చు. కానీ లెక్క ఫోన్లో ఎదురుగా కనబడుతోంది. "రెప్ప వేసినంత సేపుని లక్ష ముక్కలు చేస్తే, అందులో ఒక ముక్క కూడా రాదు."

"తగ్గినట్టా, తగ్గనట్టా?"

"తగ్గినట్టే. కానీ దూరంగా ఉన్నంతసేపూ ఎవడు చూసినా అవతలోడి గడియారమే మెల్లగా నడిచినట్టుంటుంది. తిరిగొచ్చి పక్కపక్కన నిలబడితేనే తేలుతుంది."

"ఐతే రానీ. నిలబెట్టి సూస్తాను," అని లేచి పోయింది. సైన్సు గెలిచిందని ఆటో బావ నాకు కూల్‌డ్రింక్ కొనిపెట్టాడు. అది కూడా వేడిగా ఉంది.

మూఢానికి కొద్ది రోజుల ముందు గుజరాత్ బావ వస్తున్నాడని కబురొచ్చింది. అమ్మమ్మ, ఆటో బావ, నేను ఆమదాలవలస స్టేషనుకి వెళ్ళాం. ఆటో బావ తలకి నూనె రాసి, గులాబీ రంగు చొక్కా వేసుకుని, ఆ రోజే పెళ్ళన్నట్టు తయారయ్యాడు. రైలాగింది. జనరల్ బోగీలోంచి దిగిన మనిషిని చూసి నేను ఫోన్ కిందికి దించేశాను.

చెవుల పక్కన జుట్టు తెల్లబడింది. పెదాలు పగిలిపోయాయి. ఎండకి మొహం మాడి, బుగ్గలు లోపలికి పోయాయి. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. వెలుగు వేగాన్ని కొలిచిన పెద్దమనుషులెవరూ ఉప్పుగాలిని లెక్కలోకి తీసుకోలేదు. ఆ ప్లాట్‌ఫారం మీద ఎవర్ని అడిగినా ఎవడు పెద్దో రెప్పపాటులో చెప్పేస్తారు.

అమ్మమ్మ వాడి గడ్డం పట్టుకుంది. "ఇదేటిరా, ఇలాగైపోనావు?"

ఆటో బావ మొహం వాడిపోయింది. పెళ్ళి అక్కడే, టీ బడ్డీ పక్కనే ఆగిపోయిందని మా ఇద్దరికీ తెలిసిపోయింది.

గుజరాత్ బావ బ్యాగు కింద పెట్టాడు. "మామ్మా, పెద్దోడివి నువ్వే ఎల్లాలన్నారు, ఎల్లినాను. ఏటేటా ఎల్తన్నాను. ఇంక నా వల్ల కాదు. ఆ పెద్దరికమేదో ఆడికిచ్చీ. నాను సిన్నోడ్ని."

అమ్మమ్మ వాడి చేతులు తిప్పి చూసింది. తాళ్ళు కోసిన గీతలు. తర్వాత నా వైపు తిరిగింది.

"ఒసే గుంటా, మళ్ళీ సెప్పు. ఎల్లి తిరిగొచ్చినోడు ఏటవుతాడు?"

"చిన్నోడవుతాడు," అన్నాను.

"ఎవులు సెప్పినారు?"

"సైన్సు."

"ఐతే మన సేతిలో నేదు. ఒరే సిన్నోడా, అన్న కాళ్ళకి దండమెట్టు."

గుజరాత్ బావ వంగబోయాడు. "లెగరా, నడుం పట్టీసుకుంటాది," అని ఆటో బావ వాడి రెక్క పట్టుకుని లేపాడు. బ్యాగు తన భుజానికి తగిలించుకున్నాడు. గులాబీ చొక్కా మీద చేపల వాసన అంటుకుంది, తుడుచుకోలేదు.

ఆటోలో నన్ను ముందు సీట్లో, తోలుతున్న ఆటో బావ పక్కన ఇరికించారు. శాస్త్రవేత్తకి జరిగిన సన్మానం అదే. పూల దుకాణానికి ఫోన్ చెయ్యమని ఆటో బావ పోరు పెడుతున్నాడు, నాకేమో సిగ్నల్ లేదు. వెనక్కి తిరిగి చూశాను. ఊరు దాటకముందే గుజరాత్ బావ అమ్మమ్మ భుజం మీద తల వాల్చి, నోరు తెరిచి నిద్రపోతున్నాడు.

"ఒరే పెద్దోడా, బండి మెల్లగా తోలు," అంది అమ్మమ్మ.