తెగని భాగహారం

నా చిన్నప్పుడు మా బళ్ళో టీచర్లకు కుర్చీలు ఉండేవి కావు. లేమి వల్ల కాదు. నారాయణగూడలో మూడంతస్తుల ప్రైవేటు బడి మాది. గేటుకు ఏటా కొత్త రంగు, ఆఫీసు గదిలో ఏసీ, కరస్పాండెంటుగారికి గిర్రున తిరిగే కుర్చీ, అన్నీ ఉన్నాయి. పైన పటారం, లోన లొటారం. కూర్చోనిస్తే టీచర్లు పాఠం చెప్పరని ఆయన నమ్మకం. అందుకని పొద్దున ప్రార్థన మొదలు ఆఖరి గంట దాకా వాళ్ళు నిలబడే ఉండాలి. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

నేను ఆరో తరగతిలో ఉన్నాను. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. బంద్‌లతో పోయిన పాఠాలకు బదులుగా ఆదివారాలు కూడా బడి పెట్టేవారు. మా లెక్కల టీచరుకు అప్పుడు ఆరో నెల. మధ్యాహ్నానికల్లా కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టేవి కావు. మేం మొదటి బెంచీని ముందుకు జరిపితే దాని అంచుకు ఆనుకుని చెప్పేది. డాక్టరు చీటీ చూపించి కుర్చీ అడిగిందట కూడా. "ఒక్కరికిస్తే రేపు అందరు అడుగుతరమ్మా. చాతనైతే చెయ్యి, లేకుంటే బయట మస్తుమంది ఉన్నరు" అన్నాడట ఆ పెద్దమనిషి. ఆ మాట మా ఆయా క్లాసు క్లాసుకూ మోసింది.

అశోక్‌నగర్‌లో మా పక్కింటి అక్క యూనివర్సిటీలో పరిశోధన చేసేది. బడి టీచర్ల బతుకెలా ఉందన్నదే ఆమె పరిశోధన. వాళ్ళు ఈ ఉద్యోగంలోకి ఎందుకొస్తున్నారు, ఎందుకు మానేస్తున్నారు, బళ్ళో ఏమేం సౌకర్యాలున్నాయి అని ఊరంతా తిరిగి అడిగేది. ఒకరోజు మా బడికి వస్తున్నానని ముందే కబురు చేసింది. ఆ పొద్దున క్లాసులోకి వెళ్ళి మేం నోళ్ళు తెరిచాం. బోర్డు పక్కన కుర్చీ! ప్రతి గదిలోనూ ఒకటి. వెనక వైపు ఎర్ర రంగుతో టెంట్‌హౌస్ పేరు రాసి ఉంది. పెళ్ళిళ్ళకు తెచ్చినట్టు కిరాయికి తెచ్చారన్నమాట.

అక్క వచ్చి క్లాసంతా కలియతిరిగి చూసింది. కరస్పాండెంటు నవ్వు మొహంతో గుమ్మంలో నిలబడ్డాడు. ఇక్కడ మీకు సౌకర్యంగా ఉందా అని అక్క అడిగితే, టీచరు మొదట గుమ్మం వైపు చూసింది. ఆ తర్వాతే "బాగుందండీ" అంది. అక్క రాసుకుని వెళ్ళిపోయింది.

గేటు మూసిన చప్పుడు వినబడిందో లేదో, ఆయా కుర్చీ కోసం వచ్చింది. మా టీచరు కుర్చీలోంచి లేవలేదు. "పిల్లలకు ఒక్క లెక్క ఇస్తున్నాను, అది అయిపోగానే తీసుకెళ్ళు" అంది. మా వైపు తిరిగి, పదిని మూడుతో భాగించండి, శేషం సున్నా వచ్చేదాకా ఆపొద్దు అంది.

మూడు, చుక్క, మూడు, మూడు. కాసేపటికి ముందు బెంచీ పిల్ల లేచి, ఇంకా ఒకటి మిగులుతోంది టీచర్ అంది. "అయితే ఇంకా చెయ్యి తల్లీ." అప్పుడర్థమైంది మాకు. ఒక్కరూ నవ్వలేదు. పేజీలు తిప్పుకుంటూ మూళ్ళు వేస్తూనే ఉన్నాం. టీచరు చెప్పులు విడిచి, కాళ్ళు రెండూ చాపుకుని, కళ్ళు మూసుకుంది. అంత హాయిగా ఆమెను నేనెన్నడూ చూడలేదు. ఆయా కూడా మహాతల్లి, "అయితది తియ్యి, చేస్తున్నరు గదా పోరగాండ్లు" అంటూ గుమ్మం దగ్గరే చతికిలబడింది.

చివరికి కరస్పాండెంటే వచ్చాడు. "ఏం లెక్కమ్మా గది, తెగుతలేదు?" అంటూ నా నోట్‌బుక్కు లాక్కుని చూశాడు. పేజీ నిండా మూళ్ళు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడంతే. ఆమె లేచింది.

మర్నాడు లెక్కలకు కొత్త టీచరు వచ్చింది, అప్పుడే డిగ్రీ అయిన పిల్ల. పాత టీచరు ఏమైందో మాకెవరూ చెప్పలేదు. చెప్పాలా ఏంటి?

ఆ సాయంత్రం మెట్ల మీద అక్కను పట్టుకుని ఏడ్చాను. అవి కిరాయి కుర్చీలక్కా, నువ్వు పోంగనే తీసేసిండ్రు అన్నాను. ఆమె ఉలిక్కిపడుతుందనుకున్నాను. "తెలుసే. టెంట్‌హౌస్ పేరు నాకు కనవడలేదనుకున్నవా? చాలా బళ్ళల్ల గంతే. కుర్చీ ఉన్నదా అని అడగాలె నేను. నిన్న ఉండెనా అని అడిగితే రేపు ఏ బడి నన్ను గేటు లోపలికి రానియ్యది" అంది. మరి మా టీచరు అన్నాను. అక్క నా తల నిమిరి, తలుపు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత ఆమెకు డాక్టరేటు వచ్చింది, ఇంటింటికీ లడ్డూలు పంచారు. అమ్మ ఎంత బతిమాలినా నేను తినలేదు.

మొన్న మా పాపను చేర్పిద్దామని చిక్కడపల్లిలో ఒక బడికి వెళ్ళాను. గోడల నిండా బొమ్మలు, సినిమా తెరంత బోర్డు. నా కళ్ళు మాత్రం, ఏ బడికి వెళ్ళినా అంతే, కుర్చీనే వెతుక్కుంటాయి. ఉంది. వెనక్కి వెళ్ళి చూశాను, ఏ పేరూ లేదు. హమ్మయ్య అనుకుని, మీరు దీంట్లో కూర్చుంటారా అని అక్కడి టీచరును అడిగాను.

ఆ అమ్మాయి జవాబు చెప్పేముందు గుమ్మం వైపు చూసింది.

పాపను చంకనేసుకుని బయటికొచ్చేశాను. మా టీచరు ఇచ్చిన లెక్కలో నాకు ఇంకా ఒకటి మిగులుతూనే ఉంది.