చావడి కాచిన మనిషి

తెల్లవారుజాము నుంచి ముసురు. మర్పల్లి దగ్గర మా కంది చేనులో కలుపు తీస్తుంటే నాయిన ఫోన్ చేసి, పెద్దనాయిన పోయాడని చెప్పాడు. చేతులు కడుక్కుని బయలుదేరాను.

మా పుట్టిన ఊరు తాండూరు వైపు, పెద్ద చెరువు నడుమ ఎత్తైన గడ్డ మీద ఉంది. వానలు పడితే నాలుగు దిక్కులా నీళ్లే, పడవ తప్ప దారి లేదు. పాత బురుజు, రాతి దర్వాజ, నాపరాతి బండల కప్పు వేసిన చావడి. ఎవరి కాలంలో కట్టారో చెప్పేవారు లేరు. బడి కోసం, దవాఖాన కోసం ఒక్కో ఇల్లు ఒడ్డుకు తరలిపోయింది. చివరికి పెద్దనాయిన, పెద్దమ్మ మిగిలారు.

పోయేవాళ్లు తమ ఇంటి కప్పు బండలు ఇప్పుకుని పడవలో తీసుకుపోయేవారు. ఇప్పడానికి పెద్దనాయిననే పిలిచేవారు. గడ్డపారతో సందుల్లో సున్నం రాల్చి, బండ పగలకుండా దించేవాడు. మా ఇల్లు కూడా ఆయనే ఇప్పాడు. ఆ రోజు నాయినతో ఒక్క మాటా మాట్లాడలేదు.

ఇళ్లు అయిపోయాక అందరి కళ్లూ చావడి మీద పడ్డాయి. ఒడ్డున కొత్త ఇల్లు కడుతున్న మా చిన్నాయిన అడిగాడు.

"అన్నా, చావడి ఉత్తగనే పడి ఉన్నది. తలా నాలుగు బండలు పంచుకుందమా?"

"ఎవలది చావడి?"

"అందరిది."

"అయితే అందరు రాండ్రి. అన్ని ఇండ్లోళ్లు ఈడ నిలబడి ఊ అంటె, నేనే ఇప్పిస్త."

అది జరగదని ఆయనకు తెలుసు. ఒడ్డుకు పోయాక పొలం గట్ల తగాదాలతో ఒకరి మొఖం ఒకరు చూసుకోవడం లేదు. చావడి అలాగే నిలిచింది.

రోజూ పొద్దున్నే దాన్ని ఊడ్చేవాడు. లోపలికి అడుగు పెట్టేముందు చెప్పులు విడిచి, ఒకసారి దగ్గేవాడు. నాకు నవ్వు వచ్చేది.

"లోపల ఎవరున్నరని దగ్గుతవు పెద్దనాయినా?"

"ఎవరు లేకుంటె దగ్గద్దా బిడ్డా?"

ఊడ్చాక అరుగు మీద కూర్చుని బీడీ ముట్టించి, ఒడ్డు వైపు చూసేవాడు. పండుగలకు రమ్మని ఎవరినీ పిలిచేవాడు కాదు. ఎవరైనా వస్తే మాత్రం పోనిచ్చేవాడు కాదు. "జర కూసో, పడవ యాడికి పోతది" అనేవాడు.

నేను చేరేసరికీ వాన తగ్గలేదు. ఆయనను చావడిలోనే పండబెట్టారు. అన్ని ఇళ్లవాళ్లూ వచ్చారు. చోటు చాలక, మాటల్లేనివాళ్లు కూడా భుజాలు తగిలేలా నిలబడ్డారు. చిన్నాయిన తల ఎత్తి కప్పు చూశాడు.

"అందరం వచ్చినం వదినా. మళ్ల గిట్ల కలుస్తమో లేదో" అన్నాడు మెల్లగా.

పెద్దమ్మకు అర్థమైంది. కళ్లు తుడుచుకోలేదు.

"కలిసిండ్రు గదా. ఊ అనుండ్రి మరి, ఒక్కొక్కలు."

ఎవరూ అనలేదు. నాయిన వానలోకి చూస్తూ ఉండిపోయాడు.

"ఇప్పద్దంటె ఈడ ఒకలు ఉండాలె. ఎవలుంటరు?" పెద్దమ్మే మళ్లీ అడిగింది.



వాన కాస్త తెరిపి ఇచ్చాక బురుజు వెనక పూడ్చిపెట్టారు. చీకటి పడకముందే పడవలన్నీ ఒడ్డు చేరాయి. నేను, తాండూరులో ఉండే పెద్దమ్మ బిడ్డ ఆమెకు తోడుగా ఆగాం.

దినాలు అయిపోయిన మర్నాడు పొద్దున, మొదటి పడవలో పెద్దమ్మ తన బిడ్డతో తాండూరుకు వెళ్లిపోయింది. అదే పడవలో నేనూ వచ్చేశాను.