గడప బయటి స్టూలు

మా పక్కింటి మామ పోయాడు. ఆసియా క్రీడలు రేపో మాపో మొదలవుతాయనగా పోయాడు. కబురు తెలియగానే నాచారంలో మా గల్లీవాళ్లు అన్న మాట ఒకటే: "ఇగ స్కోరు ఎవలికి చెప్పాలె?"

సంగతేమిటంటే, మన దేశం ఆడుతుంటే మామ చూసేవాడు కాదు. ఎప్పుడో ఫ్యాక్టరీ నుంచి వస్తూనే టీవీలోకి తొంగిచూశాడట, సరిగ్గా అప్పుడే రిలే పరుగులో మనవాడి చేతిలోంచి కర్ర జారిందట. నేరం తన కళ్లదేనని మామ తీర్పు ఇచ్చేసుకున్నాడు. ఒలింపిక్స్ వస్తే చాలు, గల్లీ అందరినీ తన టీవీ ముందు కూర్చోబెట్టి, చాయ్ పోయించి, తను మాత్రం గడప బయట స్టూలు వేసుకుని రోడ్డు వైపు తిరిగి కూర్చునేవాడు. ఆత్రం మాత్రం మా అందరికంటే ఆయనకే ఎక్కువ. "ఏమైందిరా?" అని అరుస్తూనే ఉండేవాడు.

"నువ్వు సూస్తే ఓడేటందుకు, గంత పెద్ద మనిషివా?" అని అత్త దెప్పేది.

లండన్ ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టు వరసగా ఓడింది. మామ ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. గ్రూపులో చివరిదీ పోయిందని భయపడుతూ చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది.

"నేను సూడలే గదా! అయితే తప్పు నాది గాదు!"

మన జట్టు ఓడినందుకు అంతగా పొంగిపోయిన దేశభక్తుణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు.

మర్నాడు బాక్సింగ్ సెమీఫైనల్, ఆడేది మన అమ్మాయి. మామ దర్జాగా స్టూలు లోపలికి తెచ్చుకుని టీవీ ముందే కూర్చున్నాడు. అమ్మాయి ఓడిపోయింది. ఎవరి మొహమూ చూడకుండా స్టూలు ఎత్తుకుని బయటికి నడిచాడు. నేను వెంటపడ్డాను.

"మామా, బాక్సింగ్‌ల సెమీస్ ఓడినా కాంస్యం ఇస్తరే!"

"ఓడినంక గూడ ఇస్తరా? నన్ను ఊకోబెట్టనీకి చెప్తున్నవ్."

పతకాలు ఇచ్చేటప్పుడు తలుపు చాటు నుంచి ఒంటి కన్నుతో చూశాడు. పతకం ఆ పిల్ల మెడలో పడ్డాకే రెండో కన్ను తెరిచి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నేను సూసినా ఇచ్చిన్రురా" అన్నాడు. అయినా స్టూలు మళ్లీ గడప బయటికే వెళ్లింది. ఒకసారి గట్టెక్కాం కదా అని ప్రతిసారీ తెగించలేనన్నాడు. ఆటని ఇంత భయంగా ప్రేమించవచ్చని నాకు నేర్పింది ఆయనే.

నిన్న ఆసియా క్రీడల ప్రారంభోత్సవానికి టీవీ అత్తే పెట్టింది. అందరం వెళ్లాం. మన జట్టు జెండాతో నడిచొస్తుంటే అత్త లేచి, బయటి స్టూలు తెచ్చి టీవీకి ఎదురుగా వేసింది.

"ఇగ కూసోని సూడు. ఓడితే ఓడనియ్."

స్టూలుకు అడ్డం వస్తున్నానేమోనని నేను కాస్త పక్కకు జరిగాను.