ఐస్ పెట్టెలో చాక్లెట్ ఉండలు

ఆ రోజుల్లో నెల్లూరులో కాస్త చదువుకున్నవాళ్లెవరూ అన్నం తినేవాళ్లు కాదు. 'కార్బ్స్' తినేవాళ్లు, అదీ తిన్నామని ఒప్పుకోవడానికి సిగ్గుపడుతూ. చుట్టూ కనుచూపు మేర వరి పండే జిల్లాలో, బియ్యం వ్యాపారం మీద మేడలు కట్టుకున్న ఊళ్లో, అన్నం మాట ఎత్తితే మొహం చిట్లించడం నాగరికత అయి కూర్చుంది. ఆకలేస్తే తినడం మోటుతనం, ఆకలి లేకపోయినా సీసా ఊపుకుని ఏదో పొడి కలుపుకు తాగడం ఆరోగ్యం. ఈ వెర్రి ఇప్పటికీ తగ్గలేదనుకోండి. కానీ అప్పట్లో అది కొత్త, నేనూ కొత్త, నా ఒంటిమీద జిమ్మువాళ్లిచ్చిన టీషర్టూ కొత్త. (ఆ టీషర్టు ఇంటికొచ్చినా విప్పేదాన్ని కాదు. ఉతకడానికి ఇమ్మని అమ్మ బతిమాలుకునేది.)

డిగ్రీ అయ్యాక ఒక జిమ్ములో రిసెప్షన్ బల్ల వెనక కూర్చునే ఉద్యోగం దొరికింది. చేసే పనల్లా వచ్చినవాళ్లకు నవ్వుతూ తువ్వాలు అందించడం, రానివాళ్లకు ఫోన్ చేసి ఎందుకు రాలేదని అడగడం. అక్కడ మర్యాదంతా ట్రైనరుది. ఆయన్ను అందరం కండలన్న అనేవాళ్లం, తలుపులోంచి పక్కకు తిరిగి లోపలికొచ్చే మనిషి. ఇలా ఉండగా జిమ్ము నడిపే మేడమ్ ఒక మూల గాజు అల్మరా పెట్టించి, దానికి 'హెల్తీ కార్నర్' అని పేరు పెట్టి, అందులోకి తినుబండారాలు చేసే మనిషి కోసం వెతకడం మొదలుపెట్టింది. చేసేది వీగన్ తిండి అయి ఉండాలి. అంటే మాంసం, చేపలు, గుడ్లే కాదు, పాలు, పెరుగు, నెయ్యి, ఆఖరికి తేనె కూడా తగలకూడదు. ఎందుకంటే ఆ జిమ్ముకు పెద్ద దిక్కయిన ఒక చెన్నై అక్క ఇవేవీ ముట్టదు. చాటుగా ఆమెను పాలక్క అనేవాళ్లం (పాలు తాగదు కాబట్టి). ఆమె సరేనన్నదే అల్మరాలోకి వెళ్తుంది. "నేను చేస్తాను మేడమ్, పొయ్యి మీద పెట్టకుండా చేసే చాక్లెట్ ప్రొటీన్ ఉండలు. మా ఇంట్లో ఇవి మామూలే" అన్నాను. మా ఇంట్లో మామూలుగా ఉండేవి చేపలు.

ఇంత అబద్ధానికి తెగించడానికి కారణం ఉంది. మాది మైపాడు పక్కన సముద్రం ఒడ్డు పల్లె. నాన్నకు పడవ, బాబాయికి ఒడ్డున ఐస్ షాపు. పడవలవాళ్లకూ చేపల వ్యాపారులకూ ఐస్ కొట్టి అమ్మే ఆ షాపులో గల్లాపెట్టె దగ్గర కూర్చోవడానికి నమ్మకమైన మనిషి కావాలి, ఆ మనిషి నేనేనని ఇంటిల్లిపాదీ తేల్చేసింది. "తువ్వాళ్లిచ్చే పనికి అంత దూరం పోవాల్నా? వొచ్చే నెల నుంచి షాపులో కూచో" అని నాన్న చెప్పేశాడు. కాళ్లావేళ్లా పడితే చివరికి ఒక ఒప్పందానికి దిగాడు. ఆదివారం జిమ్ములో అందరికీ రుచి చూపించే కార్యక్రమం. అందులో నా ఉండలు నెగ్గితే హెల్తీ కార్నర్ నాది, నెల్లూరు నాది. నెగ్గకపోతే ఐస్ షాపు. గాజు అల్మరా పక్కన వెలిగిపోవడమో, చేపల కంపులో జీవితం తెల్లారిపోవడమో ఆ ఉండల మీదే ఆధారపడి ఉందని నేను నిజంగా నమ్మాను.

శనివారం పొద్దున్నే వంటిల్లు ఆక్రమించాను. ఖర్జూరం, వేయించిన వేరుశెనగపప్పు, ఓట్స్, కోకో పొడి, కొబ్బరినూనె, పెద్ద డబ్బా నిండా బఠాణీలతో చేసిన ప్రొటీన్ పొడి. "బఠాణీలకు డబ్బా ఎందుకే, మన అంగట్లో పొట్లం కట్టి ఇస్తారుగా" అన్న అమ్మను జాలిగా చూసి బయటికి పంపించాను. మా మేనత్తను మాత్రం పంపడం ఎవరి తరమూ కాదు. నాన్నకు అక్క, మా ఇంట్లోనే ఉండేది. ఎవరు ఏ పని చేస్తున్నా ముక్కాలిపీట వేసుకుని ఎదురుగా కూర్చుని హుకుములిచ్చేది కాబట్టి ఊరంతా కలెక్టరమ్మ అనేవాళ్లు.

"పొయ్యి ఎప్పుడు వెలిగిస్తావు?" అంది పీట వేసుకుంటూ.

"పొయ్యి అవసరం లేదత్తా. ఇది నో-బేక్. పొయ్యి వెలిగించకుండా చేస్తారు."

అత్త మొహం మాడిపోయింది. "ఏందిమే నువ్వనేది? పొయ్యి వెలగని ఇల్లంటే ఏ ఇల్లో తెలుసా నీకు? మనిషి పోయిన ఇల్లు! మీ నాయన సముద్రం మీద ఉండాడు, నువ్వేమో పొద్దున్నే పొయ్యి ఆర్పి కూచోనుండావు. లెయ్ ముందు!"

నేను సైన్సు చెప్పాను. అత్త లేచి పొయ్యి వెలిగించింది. వెలిగించిన పొయ్యి ఊరికే మండకూడదని దాని మీద చేపల పులుసు పెట్టింది. ఆ రకంగా, జీవహింస తగలని నా చాక్లెట్ ఉండలు, పక్కనే కుతకుతలాడుతున్న వంజరం పులుసు ఆవిరిలో పురుడు పోసుకున్నాయి. నేను కిటికీలు బార్లా తీసి, మూతి ముడుచుకుని ఖర్జూరం దంచాను. అత్త అంతటితో ఊరుకుందా, నేను అటు తిరిగినప్పుడు నేతి గిన్నెతో వెనక నుంచి వచ్చింది. "ఒక్క గరిటె. నెయ్యి లేకుండా ఉండ ఎట్టా నిలబడుద్ది?" గిన్నె లాక్కున్నాను. "నెయ్యి తగిలితే ఆమె తినదత్తా!" "నెయ్యి కూడా తినని మనిషి బతికి ఏం బాముకుంటా ఉండాదంట?" అని అత్త పీట మీద కూలబడింది. కొసరు ముద్ద రుచి చూసిన అమ్మ, "బాగానే ఉండాది, బెల్లం కలిపిన మట్టి మాదిరి" అని మెచ్చుకుంది.

ఉండలైతే అయ్యాయి గానీ, గట్టిపడవే! పైన పూసిన కొబ్బరినూనె, కోకో కలిసి ఆ ఉక్కపోతకు కారిపోతున్నాయి. చల్లగా పెడితే తప్ప నిలవవు. మా ఫ్రిజ్ చూపించి "ఉండాదిగా" అంది అమ్మ. పై అరలో రొయ్యలు, మధ్య అరలో మాగ, తలుపులో ఎండుచేపల పొట్లం. మాగ అంటే మా వైపు ఒక చేప, దాని తోక బయటికొచ్చి ఫ్రిజ్ తలుపు సరిగా పడదు. ఆ చేపల ఫ్రిజ్‌లో నా చాక్లెట్లు పెట్టడమా అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. అరుపు విని బాబాయ్ షాపులోంచి ఒక తెల్లటి థర్మోకోల్ పెట్టె నెత్తిన పెట్టుకొచ్చాడు.

"కొత్తదేనా బాబాయ్?"

"కొత్తదే అమ్మాయ్. పోయిన ఎండాకాలం కొనింది. ఎండలో పెట్టి పెట్టి, చేప అన్న మాటే మర్చిపోయింది."

నేను అంత తేలిగ్గా నమ్మే రకమా? సబ్బుతో కడిగాను. గూడూరు నిమ్మకాయలు కోసి, రసం పిండి, తొక్కలతో రుద్దాను. ఎండబెట్టాను. తర్వాత పరీక్ష. ముందు అమ్మ తల దూర్చి వాసన చూసింది, తర్వాత అత్త, తర్వాత బాబాయ్, గోడ మీంచి తొంగిచూస్తున్న పక్కింటి అక్క కూడా వచ్చి చూసింది. "ఏ వాసనా లేదు" అని అందరూ ఒక్క మాట మీద నిలబడ్డారు. ఆఖరికి నేను తల దూర్చి గట్టిగా పీల్చాను. నిమ్మ వాసన, అంతే! చేపల మధ్య పుట్టి, చేపల గాలి తప్ప వేరే గాలి ఎరగని ముక్కులన్నీ కలిసి ఆ పెట్టెకు మంచి సర్టిఫికెట్ ఇచ్చేశాయి. టీషర్టు మారితే ముక్కు కూడా మారుతుందని నేననుకున్నాను. అడుగున ఐస్ ముక్కలు పోసి, మీద అరిటాకులు పరిచి, ఉండలు వరసగా పేర్చి మూత పెట్టాం. కొబ్బరినూనె, చాక్లెట్ పక్కన ఏ వాసన ఉంటే ఆ వాసనను తెల్లారేసరికి తమలో కలిపేసుకుంటాయని అప్పుడు నాకు తెలియదు.

ఆదివారం పొద్దున బస్సెక్కి, పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇందుకూరుపేట దాటాక కండక్టరు అరిచాడు. "ఎవరమ్మా చేపలు లోపలికి తెచ్చింది? పైన వెయ్యమని చెప్పలా?" నాకూ ఒళ్లు మండింది. ఈ జనానికి ఎప్పటికి బుద్ధొస్తుంది అనుకుంటూ, వెనక సీట్లో గంపతో కూర్చున్న పెద్దావిడ వైపు తిరిగి, "చేపలు తెచ్చేవాళ్లు కాస్త పక్కవాళ్ల గురించి ఆలోచించాలి" అన్నాను. ఆవిడ గంప మీది గుడ్డ తీసి చూపించింది. తోటకూర. "కంపు నీ పెట్టెలోది తల్లీ" అంది. పల్లెటూరి మనిషి, చాక్లెట్ వాసన ఎప్పుడు చూసుంటుంది పాపం అని క్షమించి, నెల్లూరు దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

జిమ్ములో బల్ల మీద తెల్లగుడ్డ పరిచారు. మెంబర్లంతా చుట్టూ చేరారు. మేడమ్ పెట్టె మూత తీసింది, తీసిన చేత్తోనే మూసేసింది. "ఏంటిది? ఫిష్ మార్కెట్టా?" రోజూ అరడజను పచ్చిగుడ్లు గ్లాసులో కొట్టుకుని తాగే కండలన్న, తన చెమట కంపుకు ఊరంతా తప్పుకుపోయే కండలన్న, ముక్కు మూసుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. "ఏం వాసన మేడమ్?" అని నేను అమాయకంగానే అడిగాను. వెక్కిరిస్తున్నానని అనుకుని మేడమ్ కళ్లెర్రజేసింది. సరిగ్గా అప్పుడు పాలక్క వచ్చింది.

"సారీ అక్కా, మీరు ముట్టుకోవద్దు" అంది మేడమ్.

పాలక్క ముక్కుపుటాలు కదిలాయి. "చేప వేసిందా?"

"ఒట్టు అక్కా, వెయ్యలేదు! ఖర్జూరం, శెనక్కాయలే. పెట్టె మా ఐస్ షాపుది..." అన్నాను.

ఆమె ఒక ఉండ తీసుకుని నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకుంది. మెల్లగా, చాలా మెల్లగా నమిలింది. ఇంకోటి తీసుకుంది. మరొకటి. జిమ్ములో ట్రెడ్‌మిల్లులు కూడా ఆగిపోయాయి. "చూశారా, చిన్నపిల్ల మనసు నొప్పించకూడదని ఎంత త్యాగం!" అంది మేడమ్ కళ్లొత్తుకుంటూ. (ఇలాంటివాళ్లకు త్యాగం ఎప్పుడూ పక్కవాళ్లలోనే కనిపిస్తుంది.) పాలక్క మూతి తుడుచుకుని, "ఇవి ఎవరూ తినొద్దు. నేను తీసుకెళ్లి ఏదో ఒకటి చేస్తాను" అంది. ఇంకేముంది, రంగు కాగితాల్లో చుట్టిన ఏవో ప్రొటీన్ బారులు తెప్పిస్తానన్న కండలన్నకు ఆ క్షణమే హెల్తీ కార్నర్ దక్కింది. నాకు పెట్టె మోసుకెళ్లి పాలక్క కారులో పెట్టే పని దక్కింది.

మెట్లు దిగుతుంటే ఏడుపు ముంచుకొచ్చింది. నెల్లూరు పోయింది, అల్మరా పోయింది, ఇక ఐస్ షాపే. కారు దగ్గర పాలక్క అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"మీదే ఊరు?"

"మైపాడు పక్కనక్కా."

"మాది పులికాట్ ఒడ్డు. మా నాయనకు పడవ ఉన్నింది. చెన్నై అంతా పెళ్లైనాకే." పెట్టె మీద చెయ్యి వేసింది. "చంపింది తినకూడదని నాకు నేనే మాట ఇచ్చుకున్నా, అది తప్పను. కానీ ఈ వాసన... దీనికోసం ఎవర్నీ చంపలేదు కదా?"

"లేదక్కా."

"నిజంగా చేప లేదు కదా?"

"లేదక్కా."

"ఇంట్లో ఇంకా ఉండాయా?"

జీవితం పోయిందని నేను ఏడుస్తుంటే ఈమెకు ఆకలేస్తోంది. అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది, ముక్కు చీదుకుంటూ నవ్వాను.

హెల్తీ కార్నర్ సంగతి అడగకండి. కండలన్న బారులు ఎండకు కరిగి రంగుకాగితాలకు అతుక్కుపోయాయి, గాజు అల్మరాలో తువ్వాళ్లు పెట్టుకున్నారు. ఇప్పుడు జిమ్మే లేదు. నేను మాత్రం ఐస్ షాపులోనే ఉన్నాను. బాబాయ్ తర్వాత అది నాదే అయింది. పాలక్క ఇప్పటికీ ఫోన్ చేస్తుంది, నేను ఇప్పటికీ చేసి పంపిస్తాను. మధ్యలో ఒకసారి మంచితనానికి పోయి కొత్త స్టీలు డబ్బాలో పెట్టి పంపితే, "ఏం మార్చినావు? బాలేదు. ఆ పెట్టెలోనే పెట్టు, మరీ రుద్ది కడగొద్దు" అని కోప్పడింది.

మొన్న పని మీద నెల్లూరు వెళ్లి, ఏసీ షాపులో ఖరీదైన చాక్లెట్ కొనుక్కుని, తిరుగు బస్సులో కొరికి చూశాను. చప్పగా ఉంది, ఏదో తక్కువైంది. పక్క సీట్లో మెడలో ఆఫీసు కార్డు వేసుకున్న అమ్మాయి నన్ను చూసి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఒకప్పుడైతే కడిగేసేదాన్ని. "ఏ ఊరు పాపా?" అన్నాను. "మైపాడు" అంది చున్నీ లోపల్నుంచే, సిగ్గుగా. ఆ కొత్త చున్నీని, ఆ బింకాన్ని ఎక్కడో చూసినట్టే ఉంది. నవ్వుకుని, మిగిలిన చాక్లెట్ ఆమె చేతిలో పెట్టి, కిటికీ వైపు జరిగి కూర్చున్నాను.